పావుగంటకోసారి

"నువ్వు వీల్‌చైర్ పేషెంటువి. కుర్చీ సాల్మన్‌ది. ప్రాబ్లమా, సృజన్?" ఇయర్‌పీస్‌లో చీఫ్.

"లేదు సార్."

అబద్ధం. రెండేళ్ల కిందట సృజన్‌కి తగలాల్సిన బుల్లెట్ అతని పార్ట్‌నర్ సాల్మన్ వెన్నులో దిగింది. మొన్న జనవరిలో సాల్మన్ పోయాడు. ఆ కుర్చీ కిర్రుమనడం మాత్రం సృజన్ చెవుల్లో ఆగలేదు.

జహీరాబాద్ శివారులో స్టెమ్ సెల్ ట్రయల్ సెంటర్. పేషెంట్ల ఎముక మజ్జ నుంచి తీసి పెంచిన కణాలను ఇవాళ వాళ్ల వెన్నులోకి ఎక్కించాలి. విదేశీ ముఠా కన్ను వాటి మీదే. ఆ కణాలున్న డబ్బా దాటించేది నర్సు ప్రవీణ. అందగత్తె, డబుల్ ఏజెంట్. టైము మనకు చెప్పింది, అందుకునేవాడెవరో చెప్పలేదు.

ఆమె వచ్చి సృజన్ పాదంలో పిన్ను గుచ్చింది.

"తెలుస్తుందా?"

"లేదు." రెప్ప వేయలేదు. ఆమె నవ్వి వెళ్లిపోయింది.

పక్క కుర్చీలో ఝరాసంగం రైతు జగ్గయ్య. "పత్తి ట్రాలీ మీదికెళ్లి కింద పడ్డ బిడ్డా. ఇయ్యాల నాకు గూడ ఎక్కిస్తరట. చేను దాకా నడిస్తె సాలు." ఆగి, ఎగాదిగా చూశాడు. "గంట సంది సూస్తున్న, జరంత లేస్తలేవేంది? పావుగంటకోసారి చేతుల మీద లేవాలె. పుండ్లు పడ్తయ్. కొత్తనా?"

సాల్మన్ అలా రోజంతా లేచేవాడు. ఆ చప్పుడు భరించలేకే సృజన్ అతన్ని చూడ్డానికి వెళ్లడం మానేశాడు.

"మర్చిపోయిన కాకా."

చేతులు ఆనించి లేచాడు. కుర్చీ కిర్రుమంది. హాల్లో అక్కడొకటి, ఇక్కడొకటి, అన్ని కుర్చీలూ కిర్రుమంటూనే ఉన్నాయి. తలుపు పక్కన నీలం షర్టువాడి కుర్చీ తప్ప. వాడు గంటగా కదల్లేదు.

"సార్, దొరికాడు."

అప్పటికే ప్రవీణ వాడి ఒళ్లో దుప్పటి కప్పి, కుర్చీని ర్యాంప్ మీదికి తోస్తోంది. దుప్పటి కింద స్టీలు డబ్బా మెరిసింది. కింద వ్యాన్ స్టార్టయింది. కర్ణాటక సరిహద్దు ఎంతో దూరం లేదు.

సృజన్ లేచి పరుగెత్తాడు. అది చూసి నీలం షర్టువాడూ లేచి డబ్బాతో వ్యాన్‌లోకి దూకాడు. వ్యాన్ తలుపు మూసుకునేలోగా సృజన్ వాడి కాలర్‌తో పాటు డబ్బానూ లాగేశాడు. గేటు దగ్గర మనవాళ్లు ప్రవీణను ఆపారు.

డబ్బా డాక్టరుకిచ్చి వెనక్కి తిరిగాడు. హాలంతా అతని కాళ్లనే చూస్తోంది.

"ఇద్దరు లేచిన్రు! సూడున్రి, ఇద్దరు!" జగ్గయ్య కళ్లు తడిశాయి. "నీకెన్ని సూదులేసిన్రు బిడ్డా?"



"నిన్నెవరైనా గుర్తుపట్టారా?" ఇయర్‌పీస్‌లో చీఫ్.

"లేదు సార్. నయమైందనుకున్నారు."