ఇది నా పైపు కాదు

పళ్ళ డాక్టరు తన ఇంటి హాల్లో వెల్లకిలా పడి ఉన్నాడు. హాల్లోంచి భోజనాల గదిలోకి ఎక్కే రాతి మెట్టు అంచుకి తల వెనక భాగం కొట్టుకుంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. చుట్టూ నీళ్ళు. నల్ల గ్రానైట్ నేల మీద బూటు అడుగు మునిగేంత.

ఇన్‌స్పెక్టర్ ఆ నీళ్ళలోనే నిలబడి చుట్టూ చూశాడు.

పొద్దున్నే ఫోన్ మోగితే అతనికి ఒళ్ళు మంట. శవం ఉందంటే ఇంకా మంట. శవం దగ్గర చుట్టాలు కేకలేస్తుంటే ఇక చెప్పనక్కర్లేదు. ఇక్కడ మూడూ కలిసొచ్చాయి.

"వీడే! వీడే మా అన్నయ్యని చంపాడు!"

అరుస్తున్నది చనిపోయినాయన తమ్ముడు. అన్నతో పాటు ఒకే క్లినిక్‌లో పళ్ళు పీకే డాక్టరు. అతని చేతిలో, తను ఫోన్ చేసి రప్పించిన ప్లంబర్ కాలరుంది. ప్లంబర్ ముక్కులోంచి రక్తం కారుతోంది.

"ముందు కాలరొదలండి," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"మీరు రాకముందే నాలుగు తగిలించాను. ఇంకో నాలుగు..."

"వదలమన్నాను. తర్వాత కూర్చోమంటాను. రెండూ ఒక్కసారే చెప్పించుకోవాలి నాతో. నాకు ఓపిక తక్కువ."

తమ్ముడు కాలరు వదిలాడు. కూర్చోలేదు.

గోడ పొడుగునా పెద్ద గాజు ట్యాంకు. అందులో పసుపు, నీలం చేపలు ఏమీ ఎరగనట్టు తిరుగుతున్నాయి. రాళ్ళ మీద బతికున్న పగడాలు. మామూలుగా పువ్వుల్లా విచ్చుకుని ఉండాల్సినవట. ఇప్పుడు చాలావరకు ముడుచుకుపోయి ఉన్నాయి. ట్యాంకు కింద చెక్క అలమర. దాని తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. లోపల ఇంకో గాజు తొట్టి, ఓ మోటారు. అక్కణ్ణుంచి పైకి వెళ్ళే తెల్ల పైపు. ఆ పైపు మధ్యలో ఓ జాయింటు ఊడి, పక్కకి వాలి ఉంది.

ఇన్‌స్పెక్టర్ మోకాళ్ళ మీద కూర్చుని అలమరలోకి చెయ్యి పెట్టాడు. జాయింటు అటూ ఇటూ కదిపాడు. చొక్కా చెయ్యి మోచేతి దాకా తడిసింది. కింది తొట్టి అంచు దాకా నిండుగా ఉంది.

"శవాన్ని మొదట చూసిందెవరు?"

"నేను."

కిటికీ పక్కన నిలబడ్డ ఆవిడ. డాక్టరు భార్య. కళ్ళు పొడిగా ఉన్నాయి. గొంతు అంతకన్నా పొడిగా ఉంది.

"ఎప్పుడు?"

"ఎనిమిదిన్నరకి. మా అక్క ఊరినుంచి ఇప్పుడే వచ్చాను. తలుపు తీశాను. నీళ్ళు. ఆయన."

"మోటారు ఎవరాపారు?"

"నేనే. నీళ్ళు కారుతుంటే ఆపనా?"

"మీ ఆయన చచ్చిపడుంటే ముందు మోటారు దగ్గరికెళ్ళారా?"

ఆవిడ అతన్ని ఎగాదిగా చూసింది. "నీళ్ళలో కరెంటు తీగలున్నాయి. మీరైతే ముందు ఏడ్చి తర్వాత షాక్ కొట్టించుకునేవాళ్ళా?"

ఎస్సై, చురుకైన అమ్మాయి, నవ్వు దాచుకోడానికి తల తిప్పుకుంది. ఇన్‌స్పెక్టర్ ప్లంబర్ వైపు తిరిగాడు.

"ఏరా, ఆ పైపు ఎప్పుడు బిగించావు?"

ప్లంబర్ ముక్కు తుడుచుకున్నాడు. వంగి అలమరలోకి చూశాడు. అతని మొహం మారింది.

"ఇది నా పైపు కాదు."

"ఏంటీ?"

"నేను బిగించింది ఎర్ర పైపు. మలుపుల దగ్గర మెరిసే ఇత్తడి ఎల్బోలు. మొన్ననే పెట్టి వెళ్ళాను. ఈ తెల్లవి పాతవి. ఇవి ఊడబీకి బయట పెట్టాను కూడా."

"అబద్ధం!" తమ్ముడు మళ్ళీ ఎగబడ్డాడు. "జాయింటు సరిగ్గా బిగించక ఇప్పుడు పైపే నాది కాదంటున్నాడు! వీడి నోరు పగలగొట్టండి!"

"అమ్మా, మీరేమంటారు?"

"ఉన్నది ఇదే కదా," అంది భార్య. "ఎర్రదేదీ నేను చూళ్ళేదు. నేనిక్కడ లేను."

"అయ్యగారే కొని తెచ్చారు సార్," ప్లంబర్ గొంతు పెంచాడు. "హాల్లో అందంగా ఉండాలన్నారు. ఆయనకి మెరుపు నచ్చింది, నాకు పని దొరికింది. ఆ పెట్టెలో చేపలుంటే ఏం, చెప్పులుంటే నాకేం? కానీ ఇది మాత్రం నా పని కాదు. చేసిన పనికైతే తిట్లు పడతాను, తన్నులు తింటాను. చెయ్యనిదానికి కాదు!"

ఇన్‌స్పెక్టర్‌కి నమ్మకం కలగలేదు. తప్పు చేసినవాడు ముందు కనబడ్డ అబద్ధాన్ని పట్టుకుంటాడు. అది అతని సర్వీసంతా చూసిన సంగతే.

"స్టేషన్‌కి తీసుకెళ్ళండి," అన్నాడు కానిస్టేబుల్‌తో.

ఫొటోలు తీశారు. శవాన్ని తరలించారు. అంతా వెళ్ళబోతుండగా భార్య మొదటిసారి గొంతు తగ్గించి మాట్లాడింది.

"మోటారు వేసుకోవచ్చా? నీళ్ళు తిరక్కపోతే అన్నీ చచ్చిపోతాయి."

ఇన్‌స్పెక్టర్ ఆవిణ్ణి చూశాడు. మొగుడి శవాన్ని తీసుకెళ్తుంటే నోరు మెదపలేదు. దీనికి మాత్రం బతిమాలుతోంది.

"ఫొటోలయ్యాయిగా. వేసుకోండి."

ఆవిడ వంగింది. వాలిన పైపుని పైకెత్తి, జాయింటు దగ్గరున్న పెద్ద మరని రెండు వేళ్ళతో తిప్పింది. నాలుగు తిప్పులు. బిగుసుకుంది. మోటారు గుర్రుమంది. నీళ్ళు పైకెక్కాయి. ఒక్క చుక్క కారలేదు.

వంటగది గట్టు మీద ఓ సాసరు కనిపించింది. అందులో చచ్చిన చిన్న రొయ్యలు, నత్తలు.

"ఇవేంటి?"

"నీళ్ళు పాడయ్యాయి," అంది ఆవిడ. సాసరు తీసి లోపల పెట్టేసింది.

*

స్టేషన్‌లో ప్లంబర్ ఒకటే మాట పట్టుకున్నాడు. ఎన్నిసార్లడిగినా అదే. ఇది నా పైపు కాదు. ఇన్‌స్పెక్టర్ బల్ల గుద్దాడు. అతనూ బల్ల గుద్దాడు. లాకప్‌లో ఉన్నవాడు బల్ల గుద్దడం ఆ స్టేషన్‌లో ఎవరూ చూళ్ళేదు.

"వీడికి బుర్ర తిరిగిందా, నిజం చెప్తున్నాడా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్ విసుగ్గా.

"రెండూ కావచ్చు సార్," అంది ఎస్సై.

మధ్యాహ్నం భోజనానికి లేస్తూ అతను చొక్కా చేతివైపు చూసుకున్నాడు. మోచేతి దాకా తెల్లటి చారలు. సుద్ద పూసినట్టు. గోకితే పొడి రాలింది. నాలుక మీద పెట్టుకున్నాడు.

ఉప్పు.

సముద్రపు చేపల ట్యాంకు. ఉప్పునీళ్ళు. ఆరితే తెలుపు మిగులుతుంది. అందులో వింతేముంది?

బూట్లవైపు చూశాడు.

నల్ల బూట్లు. పొద్దున్న గంటసేపు ఆ హాల్లో నీళ్ళలో నిలబడ్డ బూట్లు. పూర్తిగా ఆరిపోయాయి. ఎక్కడా తెల్ల మరక లేదు. వేలితో రాసి నాలుక మీద పెట్టుకున్నాడు. ఎస్సై మొహం చిట్లించింది.

"సార్, బూటు..."

"చప్పగా ఉందమ్మా!" అన్నాడు ఇన్‌స్పెక్టర్. అతని మొహంలో ఆ రోజు మొదటిసారి వెలుగు కనిపించింది. "జీపు తియ్యమను. ఈలోగా సముద్రపు చేపలమ్మే షాపు ఏదైనా ఉంటే ఫోన్ కలుపు."

షాపువాడు దొరికాడు.

"చేపలు బాగున్నాయి. రొయ్యలు, నత్తలు చచ్చాయి. పగడాలు ముడుచుకుపోయాయి. ఏమైనట్టు?"

"రాగి తగిలుంటుంది సార్," అన్నాడు వాడు తడుముకోకుండా. "చేపలు కొంత తట్టుకుంటాయి. మిగతావి తట్టుకోలేవు. నీళ్ళలో ఎక్కడైనా ఇత్తడి ముక్క ఉందేమో చూసుకోమనండి. ఇత్తడంటే సగం పైన రాగే కదా."

*

హాల్లో నేల ఆరిపోయింది. ఫ్యాను తిరుగుతోంది. తమ్ముడు సోఫాలో ఉన్నాడు. భార్య కిటికీ దగ్గరే. ప్లంబర్‌ని తెచ్చి తలుపు దగ్గర నిలబెట్టారు.

"వీణ్ణెందుకు మళ్ళీ తెచ్చారు?" అన్నాడు తమ్ముడు.

"మీ అన్నయ్య మీకు పైపుల గురించి ఏమైనా చెప్పారా?"

"మేం మాట్లాడుకుని నెలలైంది. క్లినిక్‌లో ఒకే గోడకి అటూ ఇటూ కూర్చుంటాం, అంతే."

"మెసేజీలు?"

"పంపుతాడు. నేను చూడను."

"ఇప్పుడు చూడండి."

తమ్ముడు గొణుక్కుంటూ ఫోన్ తీశాడు. చూడని మెసేజీలు పైనుంచి కిందకి జరిపాడు. వేలు ఆగిపోయింది.

ఎస్సై ఫోన్ అందుకుని అందరికీ చూపించింది. నిన్న సాయంత్రం పంపిన ఫొటో. ఇదే అలమర. నిగనిగలాడే ఎర్ర పైపు. మలుపుల్లో బంగారంలా మెరుస్తున్న ఇత్తడి. కింద ఒక వాక్యం. 'ఇప్పుడు మనుషులుండే ఇల్లులా ఉంది.'

"చెప్పానా!" ప్లంబర్ అరిచాడు. తమ్ముడి వైపు వేలు చూపించాడు. "నా ముక్కు పగలగొట్టేముందు జేబులోది చూసుకోవచ్చుగా?"

"నువ్వు నోర్ముయ్," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "అమ్మా, నిన్న సాయంత్రం ఎర్ర పైపు. ఇవాళ పొద్దున్న తెల్ల పైపు. మధ్యలో ఎవరు మార్చారు?"

"ఆయనే మార్చుంటారు."

"నిన్న అంత మురిసిపోయినాయన? సరే. నేల చూడండి. ట్యాంకు నీళ్ళు ఆరితే నా చొక్కాలా తెల్లబడాలి. ఇదేమో అద్దంలా ఉంది. అవి కుళాయి నీళ్ళు. పైగా మోటారు నీళ్ళన్నీ నేల మీదకి తోడేసుంటే కింది తొట్టి ఖాళీ అవ్వాలి. పొద్దున్న నేను చెయ్యి పెడితే నిండుగా ఉంది. జాయింటు ఊడలేదు. రెండు వేళ్ళతో బిగించే మర. రెండు వేళ్ళతోనే విప్పారు, జారిపడ్డాడని చూపించడానికి. ట్యాంకులోంచి నాలుగు బకెట్లు తోడి పోసుంటే నాకు దొరికేవారు కాదు. ఎందుకు తోడలేదు?"

ఆవిడ చూపు ట్యాంకు మీదకి వెళ్ళింది.

"మీరు మీ అక్క ఊర్నుంచి వచ్చిన బస్సు ఆరింటికే చేరిందట. ఫోన్ చేస్తే డ్రైవర్ చెప్పాడు. ఎస్సై, ఆ మూలనున్న బ్యాగు తెరువు."

"నా బట్టలవి!" భార్య ఒక్క అడుగు ముందుకేసింది.

ఎస్సై బ్యాగు ఎత్తబోయి, బరువుకి ముందుకి తూలింది. జిప్పు లాగింది. పైన బట్టలు. కింద ఎర్ర పైపు ముక్కలు, ఇత్తడి ఎల్బోలు. ఇత్తడి మీద అప్పుడే పచ్చటి చిలుము పట్టింది.

"వదినా..." తమ్ముడు సగం లేచాడు.

"కూర్చో," అంది ఆవిడ. అతను కూర్చున్నాడు. పోలీసులు చెప్పినా కూర్చోనివాడు.

ఆవిడ ట్యాంకు దగ్గరికి వచ్చింది. గాజుకి అరచెయ్యి ఆనించింది.

"గోరంత ముక్కలుగా తెచ్చి పెంచానివి. తొమ్మిదేళ్ళు. తాగునీళ్ళకి వాడే తెల్ల పైపు, మందం చూసి, ఎక్కడా లోహం తగలకుండా ఏరి ఏరి వేయించుకున్నాను. ఆయనకది మురిక్కాలవ గొట్టంలా కనబడేది. ఎవరైనా వస్తే అలమర తలుపు మూసేవాడు. ఇత్తడి పెడితే చస్తాయని వందసార్లు చెప్పాను. పళ్ళలో ఏ లోహం పెట్టాలో తెలిసిన మనిషికి ఇది అర్థం కాదా? నేను ఊరెళ్ళేదాకా ఆగాడు."

"పొద్దున్న ఏం జరిగింది?"

"వచ్చేసరికి రొయ్యలు ట్యాంకు అడుగున పడున్నాయి. సాసర్లో తీసి చూపించాను. ఆయన పళ్ళు తోముకుంటున్నాడు. నురగ నోటితో నవ్వాడు. 'పోతే పోయాయి, ప్లాస్టిక్‌వి కొనుక్కో. చూడ్డానికి ఒకటేగా' అన్నాడు." ఆవిడ ఒక్క క్షణం ఆగింది. "తోశాను. రెండు చేతులతో. మెట్టు ఉందని గుర్తులేదు. గుర్తున్నా తోసేదాన్నేమో, తెలీదు."

"ఆయన పడ్డాక డాక్టర్ని పిలవలేదా?"

"ఊపిరి లేదు. ఇవి మాత్రం ఇంకా పోతూనే ఉన్నాయి. ముందు ఇత్తడి ఊడబీకాను. పాత పైపు పెట్టాను. పాడైన నీళ్ళు మోరీలో పారబోసి, సిద్ధంగా ఉంచుకున్న ఉప్పునీళ్ళు పోశాను. అదంతా అయ్యాక ఆయన గుర్తొచ్చాడు."

ఇన్‌స్పెక్టర్ చాలామంది హంతకుల్ని చూశాడు. మొగుడి శవాన్ని దాటుకుంటూ పైపులు బిగించిన మనిషిని ఇదే చూడటం. కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ అది ఎవరి మీదో సరిగ్గా తేలలేదు.

"ట్యాంకు నీళ్ళు తోడి నేల మీద పొయ్యమంటారా," ఆవిడే అంది. "బతుకుతాయో లేదో తెలీనివాటి నోటి దగ్గర్నుంచి? నాకు చేతకాలేదు."

ఎస్సై ఆవిడ మోచెయ్యి పట్టుకుంది. ఆవిడ విదిలించుకుని తనే తలుపువైపు నడిచింది.

అప్పుడు తమ్ముడు లేచాడు. బతికుండగా పలకరించని అన్న కోసం ఇప్పుడతని మొహం ఎర్రగా పొంగిపోయి ఉంది. తిన్నగా ట్యాంకు దగ్గరికెళ్ళి గోడకున్న ప్లగ్గు పట్టి పీకేశాడు.

మోటారు ఆగింది. లైటు ఆరింది. ట్యాంకంతా బూడిదరంగు అయిపోయింది.

"చావనీ!" అన్నాడు. "దీనికోసమేగా!"

పొద్దున్నుంచి కంటతడి పెట్టని ఆవిడ గుమ్మంలో కుప్పకూలింది. నోట్లోంచి వచ్చింది ఏడుపో అరుపో తెలీలేదు. ప్లంబర్ కూడా మొహం పక్కకి తిప్పుకున్నాడు.

ఇన్‌స్పెక్టర్ తమ్ముడి ముందుకెళ్ళి నిలబడ్డాడు.

"ప్లగ్గు పెట్టండి."

"మీరెవరి వైపు?"

"మీ ఇంట్లో ఎవరి వైపూ ఉండబుద్ధి కావట్లేదు నాకు. అది మీ అన్నయ్య చావుకి సాక్ష్యం. కోర్టు చెప్పేదాకా దాన్ని ముట్టుకుంటే మీ వదిన పక్కనే మిమ్మల్నీ కూర్చోబెట్టి తీసుకెళ్తాను. పెట్టండి."

తమ్ముడు పెట్టలేదు. ప్లగ్గు నేలకేసి కొట్టి బయటికి వెళ్ళిపోయాడు.

ఇన్‌స్పెక్టరే వంగి దాన్ని తీసి గోడలో గుచ్చాడు. మోటారు రెండుసార్లు దగ్గి అందుకుంది. తెల్ల పైపులోంచి నీళ్ళు పైకెక్కాయి.

ఆవిడ లేచి నిలబడింది. కళ్ళు తుడుచుకుంది. కృతజ్ఞతలు చెప్పలేదు.

"నీళ్ళు ఆవిరై తగ్గితే ఉప్పు కలపకండి," అంది. "ఉత్త నీళ్ళే పొయ్యాలి. కుళాయివి కాదు, వడగట్టినవి."

"అలాగే," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "జీపెక్కండి."