ఆది చొక్కా సాక్ష్యం

కుప్పంలో పెళ్లిచూపులు. హరినాథ్ వంగి మైసూర్‌పాకు అందుకోగానే కొత్త చొక్కా గుండీ తెగి, అమ్మాయి తెచ్చిన కాఫీలో పడింది. అమ్మాయి నవ్వాపుకోలేక లోపలికి పరుగెత్తింది. సంబంధం అక్కడితో సరి.

మదనపల్లెలో టమోటా మండీ నడిపే మగవాడికి ఇంత అవమానం జరిగితే తప్పు ఇంకెవరిదో అయ్యుండాలి కదా! మైసూర్‌పాకు మీద కేసు వేయలేడు గనుక, చొక్కా కుట్టిన టైలర్ నందిని మీద లోక్ అదాలత్‌లో వేశాడు.

రాజీపడమని వాయిదా వేసిన ప్రతిసారీ మన హరినాథ్ సెంటు పూసుకొని వచ్చాడు. కేసు గెలవడానికి సెంటెందుకో ఆయనకే తెలియాలి.

"ఏమప్పా, గుండీ దొరికిందా?" అంది నందిని వరండాలో.

"నవ్వు నవ్వు. లోపలికి పోతే ఏడుస్తావు."

"ఇప్పుడే ఏడుస్తాండాను. టైట్‌గా కుట్టినానని ఊరంతా జెప్పినావు. షాపుకు ఎవురూ రాలేదు. ఈ నెలాఖరుకు మూసేస్తాండా."

హరినాథ్‌కు అప్పుడు తట్టింది: షాపు మూస్తే ఈమె ఇక కనిపించదు.

లోపల జడ్జి మేడమ్ అడిగింది. "కొలతకు ఏమిచ్చారు?"

"ఆది చొక్కా మేడమ్. టేపు పెడతానంటే సిగ్గుపడి, పాతది ఇచ్చినాడు," అంది నందిని.

"అయితే ఆ పాతది వేసుకొని చూపించండి."

చొక్కా పోయిందని ఒక్క అబద్ధం చెబితే పరువు దక్కుతుంది. హరినాథ్ నందిని వైపు చూశాడు. కేసు కోసం తెచ్చిన సంచిలోంచి పాత చొక్కా తీసి తొడుక్కున్నాడు. గుండీకీ కాజాకీ మధ్య జానెడు దూరం.

"డిగ్రీలో వేసుకున్నది మేడమ్. ఆమె సరిగ్గానే కుట్టింది. పెరిగింది నేను."

హాలంతా నవ్వింది.

"ఊరంతా చెప్పారు కదా, ఇదీ చెప్పండి," అంది మేడమ్.

"మండీలో వేలంపాట మైకులోనే జెప్తాను!"

బయట వాన. వరండాలో నందిని తన సంచిలోంచి టేపు తీసింది.

"చేతులెత్తు. ఈసారి ఆదీ లేదు, గీదీ లేదు."

టేపు నడుము చుట్టూ రాగానే హరినాథ్ ఊపిరి బిగబట్టాడు.

"పొట్ట లోపలికి పీల్చొద్దు. ఎట్లుండావో అట్లే ఉండు. ఇంతకీ ఏం చొక్కా?"

"పెండ్లి చొక్కా."

"పెండ్లికూతురు యాడుండాది?"

"టేపు పట్టుకోనుండాది."

నందిని ముఖం ఎర్రబడింది. టేపు మాత్రం వదల్లేదు.

"అయితే రెండించీలు లూజు పెడతాను. మాయమ్మ వంట నీకు తెలీదు."