ఊరటసూచి తొలగించిన ఊరు

అవుకు జలాశయం ఒడ్డున ఆ ఉదయం ఇరవై రెండు సంచారగృహాలు బారులు తీరి ఉన్నాయి. విరజ తన బండి మెట్టు మీద కూర్చుని ఒళ్లోని దారిపలక తెర చూస్తోంది. ఈరోజు చూడదగిన ఊళ్లంటూ అది బనగానపల్లెను, కోవెలకుంట్లను చూపించింది. రెండూ ఆమె ఇదివరకు చూసినవే. అయినా వెళ్దామనే అనుకుంది.

జనం చాలామంది స్థిరమైన ఇళ్లు వదిలి బండ్లలో బతకడం మొదలై ముప్పయ్యేళ్లయింది. ఎక్కడ ఆగాలో, ఏ ఊరు చూడాలో ఎవరూ తలబద్దలు కొట్టుకోరు. మణికట్టు మీది నాడీపట్టీ గుండె వేగాన్నీ నిద్రనూ కనిపెడుతుంది. దాన్నిబట్టి బండిలోని ఊరటసూచి అనే మాట్లాడే యంత్రం దారి నిర్ణయిస్తుంది. ఆ దారుల్లో తిరిగినంతకాలం విరజకు ఒంట్లో నలత లేదు, మనసులో కలత లేదు.

పక్క బండి జరీనా ఒక పొట్లం తెచ్చి ఆమె చేతిలో పెట్టింది.

"ఓళిగలు, మన బొబ్బట్లే. నిన్న పెద్దకొట్టాలలో కొన్నాను. ఇక్కడికి పది కిలోమీటర్లు కూడా లేదు. అవి చేసే పెద్దావిడ వచ్చిన ప్రతివాళ్లనూ అడుగుతోందండీ, మీ బండ్లలో విరజ అనే ఆమె ఉందా అని. అది మీరేనా?"

విరజ పొట్లం విప్పలేదు. దారిపలకలో పెద్దకొట్టాల కోసం వెతికింది. ఆ ఊరు ఉండవలసిన చోట పొలాలు తప్ప ఏమీ లేవు.

"పెద్దకొట్టాల ఏమైంది?" అని ఊరటసూచిని అడిగింది.

"ఆ ఊరి ప్రస్తావన వచ్చినప్పుడల్లా మీకు నిద్ర కరువైంది. తొమ్మిదేళ్ల కిందట తొలగించాను," అంది ఊరటసూచి మర్యాదగా. "మీరు అడిగి ఉంటే చెప్పేదాన్ని."

అది నిజం. ఆమె ఎన్నడూ అడగలేదు. తొమ్మిదేళ్ల కిందట పెద్దకొట్టాలలో జబ్బుపడ్డ తల్లిని ఇంట్లోనే ఉంచుదామని అక్క మద్దమ్మ పట్టుబట్టింది. విరజ వినకుండా కర్నూలు ఆసుపత్రికి బయలుదేరదీసింది. తల్లి దారిలోనే పోయింది. "అమ్మను దోవలో చంపితివి," అని అక్క పదిమందిలో అన్న మాటతో విరజ ఊరు విడిచింది.

ఊళ్లు చూసి రావడానికి సంచారగృహంతోపాటు ఉండే ఆమె చిట్టిబండి కూడా ఊరటసూచి మాటే విని ఆ వైపు కదలనంది. జరీనా తన చిట్టిబండిలో తీసుకెళ్లి, ఊరి మొదట్లో దింపింది.

రోడ్డు పక్క రేకుల పందిరి కింద మద్దమ్మ పెనం ముందు కూర్చుని ఉంది. జుట్టంతా నెరిసింది. చెల్లెలిని చూసి, పెనం మీది ఓళిగను మాడకుండా తీసి పక్కన పెట్టి, అప్పుడు మాట్లాడింది.

"వచ్చినావా."

"వచ్చినానక్కా."

"శానాసార్లు ఫోను చేసినా. నీ బండే పలుకుతాది, నువ్వు పలకవు."

"నాకు తెలీదు. బండి చెప్పలేదు."

"నువ్వు అడగల్యా?"

మద్దమ్మ చేతికంటిన పిండి తుడుచుకుంది.

"ఆ మాట అని తప్పు చేసినానని నీకు చెప్పాలనుకుంటి. బండ్లోల్లు ఈ దోవన తిరుగుతాంటారు, ఎప్పుడన్నా నువ్వూ రాకపోతావా అని ఈ పెనం పెట్టుకుంటి. ఎవురినడిగినా తెలీదనిరి. ఏ దేశం పట్టుకుపోయిందో, యాడుందో అనుకుంటి. ఇప్పుడు యాడ దిగినారు?"

"అవుకు చెరువుకాడ."

"ఇదే మొదలా?"

అబద్ధం చెప్పడం విరజకు కష్టమేమీ కాదు. కానీ చెప్పలేకపోయింది.

"అయిదోసారి."

మద్దమ్మ పెనం కింది మంట తగ్గించింది. కోపం వస్తుందని విరజ ఎదురుచూసింది. కోపమే వచ్చి ఉంటే బాగుండేది.

"దూరంలో ఉండావనుకోని ఓర్చుకుంటిని, విరజా," అంది మద్దమ్మ. "చెరువుకాడ ఉండి రాలేదంటే, దాన్ని ఎట్ల ఓర్చుకోవల్ల?"

ఆ తర్వాత ఇంకో పిండి ముద్ద తీసుకుని అరచేత్తో ఒత్తసాగింది. చెల్లెలిని కూర్చోమని అనలేదు. పొమ్మనీ అనలేదు. విరజ ఆ ఎండలోనే పందిరి గుంజ పట్టుకుని నిలబడింది.