చవక గుండ్ల రాజీ

ప్రొద్దుటూరులో ఒక గుడ్డల కొట్టు వెనక గది. ఏజెంట్ దేవపాలు తలుపు తట్టాడు.

"పెన్నా ఎండిందా?" లోపలి గొంతు.

"మైలవరంలో నీళ్లున్నాయి."

తలుపు తెరుచుకుంది. చీఫ్ ఆనందరావు కుర్చీ కూడా చూపించకుండా మొదలుపెట్టాడు.

"మన ఏజెంట్ సర్దార్ నిన్న మైలవరం డ్యామ్‌లో శవమై తేలాడు. చంపింది గ్రే హెరాన్. విదేశీ ఆయుధాల ముఠా. జమ్మలమడుగు రైఫిల్ క్లబ్‌కు చవక గుండ్లు దించుతోంది. మెంబర్లు వాటితో తూటాలు కట్టించుకుని సరదాగా కుండలు కొడుతున్నారు."

"కుండలు పగిలితే మనకేం సార్?"

"ఆదివారం పులివెందుల దగ్గర ఫ్యాక్షన్ పెద్దలు ఓబులయ్యకూ కాటమయ్యకూ రాజీ. భోజనాలయ్యాక ఇద్దరూ రైఫిళ్లతో కుండలు కొడతారు. తూటాలు ఆ క్లబ్‌వే. ఒక్క తూటాలో తేడా ఉండి రైఫిల్ పేలిందనుకో, ఒక పెద్దాయన పోయాడనుకో?"

ఎన్నికల ముందు ఊళ్లకు ఊళ్లు తగలబడతాయి. ఇరువైపులా తుపాకులు కావాల్సి వస్తాయి. అమ్మడానికి గ్రే హెరాన్ కాచుకుని ఉంటుంది. దేవపాలుకు విడమర్చి చెప్పనక్కర్లేకపోయింది.

"తూటాలు కట్టేది మేడమ్ కరోల్. డబుల్ ఏజెంట్. మనకూ పనిచేస్తుంది, వాళ్లకూ పనిచేస్తుంది. అసలు ఎవరి మనిషో తేల్చు."

ఫోటోలో నల్ల కళ్లద్దాలు, పొట్టి జుట్టు, ఎర్రటి పెదాలు. దేవపాలు ఫోటోను వెలుతురు వైపు తిప్పాడు. కరుణమ్మ. జమ్మలమడుగు మిషన్ కాంపౌండులో పక్కింటి పిల్ల. చర్చిలో వాళ్లిద్దరి పెళ్లి ప్రకటన చదివిన వారమే ఆమె అన్న ఏసయ్య కాటమయ్య మనుషుల బాంబుకు బలయ్యాడు. ఆ తర్వాత ఆమె ఎవరికీ కనిపించలేదు.

మద్రాసు స్పోర్ట్స్ కంపెనీ ఏజెంటు వేషంలో, అతికించిన గడ్డంతో దేవపాలు క్లబ్‌కు వెళ్లాడు. చేతి గడియారంలో ట్రాన్స్‌మిటర్. టిఫిన్ క్యారియర్ అడుగు గిన్నెలో ప్రొద్దుటూరు కంసాలి త్రాసు.

ఆమె ఒక్క చూపు చూసింది. "గడ్డం ఎడమపక్క ఊడతాంది, దేవపాలూ."

అతనికి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండూ మింగి, చవక గుండ్ల తూటాలు అయిదు కాల్చాడు. టార్గెట్ అట్ట మీద చిల్లులు కోళ్లకు గింజలు చల్లినట్టు చెదిరాయి.

"దీంతో కుండ పగిలితే దేవుని దయే," అన్నాడు.

"చవకది అట్లనే ఉంటాది. సరదాకు చాల్లే."

రాజీలో చెరొకరికి పంపే పెట్టెలు రెండూ దించి, తూటాలను ఒక్కొక్కటే తూచాడు. కాటమయ్య పెట్టెలో మొదటిది వేయగానే త్రాసు ముల్లు వాలింది.

"ఇది బరువుందే? మందు ఎక్కువ పడిందా?"

"చవక గుండ్లు అన్నీ ఒక్క తూకం యాడుంటాయి?"

అదీ నిజమే. పొద్దుటి నుంచీ గుండు గుండుకూ తూకం మారుతూనే ఉంది. అయినా అనుమానం వస్తే విప్పి చూడమనే అతని ట్రైనింగ్. అంతలో ఆమె టీ గ్లాసు అందించి, "ఇదంతా అయిపోయినాక మన కాంపౌండుకు పోదామా?" అంది. ఎన్నేళ్లుగానో అతను కాచుకున్న మాట. ప్రేమ గుడ్డిదంటారు, చేతిలో కంసాలి త్రాసున్నా దానికి చూపు రాదు. తూటాను పెట్టెలో పెట్టేశాడు. గడియారంలో "ఆల్ క్లియర్" అన్నాడు.

ఆదివారం మధ్యాహ్నం సంగటీ వేటమాంసమూ అయ్యాయి. ఓబులయ్య, కాటమయ్య తమ తమ రైఫిళ్లలో తూటాలు నింపుకున్నారు. రాజీ కుదిర్చిన నూరుల్లా లేచి నిలబడ్డాడు.

"ఇంక తుపాకులు మార్చుకోండప్పా."

జనంలో దేవపాలు చెయ్యి పట్టుకుని నిలబడ్డ కరుణ ముఖం పాలిపోయింది. "ఏందిది? ఎవురిది వాళ్లు కాల్చరా?"

"ఎదుటోని తుపాకి కాలిస్తేనే గదమ్మా నమ్మకం."

అక్కడి పసిపిల్లలకు కూడా తెలిసిన ఆనవాయితీ అది. కాంపౌండులో పెరిగిన ఈ ఇద్దరికీ తెలియదు. కాటమయ్య రైఫిల్ ఓబులయ్య భుజానికెక్కింది. బాంబు పడిన రోజు ఏసయ్యను తన ఎద్దుల బండిలో ఆస్పత్రికి తెచ్చింది ఆ ఓబులయ్యే.

"ఆ తూటా కాటమయ్యకని కట్టినా," అని దేవపాలు చెయ్యి వదిలించుకుని పరుగెత్తింది కరుణ. అతనూ వెంట పరుగెత్తాడు. ఓబులయ్య వేలు ట్రిగ్గర్ మీద బిగుస్తోంది. ఆమె రైఫిల్‌ను రెండు చేతులా లాగి రొమ్ముకు అదుముకుంది. అది అక్కడే పేలింది.

ఓబులయ్యకు మోచెయ్యి గీసుకుపోయింది, అంతే. జీపెక్కి పారిపోబోయిన గ్రే హెరాన్ మనిషి దొరికిపోయాడు.

దేవపాలు ఒడిలో ఆమె పెదాలు కదిలాయి. "కాంపౌండుకు పోదామనింది... అబద్ధం గాదు."

"నాకు తెలుసు," అన్నాడు. అతనికి తెలియదు. మళ్లీ అడగడానికి ఆమె లేదు. అంతమంది మగాళ్ల ముందు వెక్కి వెక్కి ఏడ్చాడు.

గడియారం గరగరలాడింది. "మిషన్?"

"సక్సెస్ సార్."

"ఆమె ఎవరి మనిషి?"

"నా మనిషి సార్."

శవపెట్టె మోయడానికి నలుగురు కావాల్సొచ్చింది. ముందు దేవపాలు, ఓబులయ్య; వెనక నూరుల్లా. నాలుగో మూల ఎత్తబోతూ కాటమయ్య అడిగాడు, "ఎవురప్పా ఈ పాప?"

"ఏసయ్య చెల్లెలు," అన్నాడు దేవపాలు.

కాటమయ్య తలకు చుట్టిన తువ్వాలు విప్పాడు. దాన్ని మడిచి భుజాన వేసుకుని, పెట్టె ఎత్తుకున్నాడు.

మర్నాడు పేపర్లో రాజీ ప్రశాంతంగా ముగిసిందని వేశారు.