ఖాళీ గోడ ముందు నిలబడ్డావిడ

ఆ వీధి మలుపులో ఉన్న కొట్టు మంచిది కాదని అందరికీ తెలుసు. తెలియనిది మా బావగారొక్కరికే. తెలిసినా ఒప్పుకోరనుకోండి, అది వేరే సంగతి.

అక్కడ ముందు చెప్పుల కొట్టు ఉండేదట. తర్వాత గడియారాలు బాగుచేసే ఆయన. ఆ తర్వాత జుట్టు కత్తిరించే ఇద్దరు అన్నదమ్ములు. ఎవరూ నిలవలేదు. అందరూ చెప్పింది ఒకటే — దీపాలార్పి, తాళం వేసి, రోడ్డు మీదకొచ్చి ఒక్కసారి వెనక్కి తిరిగి కొట్టు అద్దంలోంచి లోపలికి చూస్తే... లోపల చివరి గోడకి ఎదురుగా ఒకావిడ నిలబడి ఉంటుంది. మనకి వీపు పెట్టి. కదలదు, మెదలదు. ఆ గోడనే చూస్తూ ఉంటుంది.

చీకటి పడితే ఆ వీధివాళ్ళు ఆ కొట్టు ముందునుంచి నడవరు. ఎదురు వైపుకి మారిపోతారు.

అలాంటి కొట్టుని వెతుక్కుని మరీ తీసుకున్నారు మా బావగారు. దేశం కొత్త, భాష కొత్త, పక్క కొట్టువాళ్ళ పేర్లకి నోరే తిరగదు. అయినా సరే, అక్కడ ఆధునిక కళకి గ్యాలరీ తెరవాలి. నేను అక్కడ లేను. అక్క ఫోన్లో చెప్పింది చెప్పినట్టు మీకు చెప్తున్నాను. బావగారి మీద విసుర్లు మాత్రం నా సొంతం.

మా అక్క బొమ్మలు వేస్తుంది. బళ్ళో డ్రాయింగు టీచరుగా చేసేది. ఎప్పుడూ మనుషుల్నే వేస్తుంది — బస్సు కోసం చూసేవాళ్ళు, బట్టలు ఆరేసేవాళ్ళు, కూర్చున్నచోటే నిద్రపోయే మా మేనత్త. ఆ మేనత్త బొమ్మలో ఒళ్ళో వాలిపోయిన చేతుల్ని చూస్తే నాకు ఇప్పటికీ చప్పుడు చెయ్యకుండా నడవాలనిపిస్తుంది. "మన గ్యాలరీ పెట్టగానే ముందు నీ బొమ్మలే" అని ఊదరగొట్టి, అక్క చేత ఉద్యోగం మాన్పించి మరీ తీసుకెళ్ళారు బావగారు. తీరా గోడలకి రంగులు ఆరాక, ఆ బొమ్మలన్నీ వెనకగదిలో పెట్టి తాళం వేయించారు.

"నీవి బాగానే ఉంటాయి. కానీ చూడగానే అర్థమైపోతాయి. అదే ఇబ్బంది" అన్నారట.

అర్థం కాకుండా ఉండటానికి ఆయన ఏం పెట్టారో వినండి. బోర్లించి వేలాడదీసిన బకెట్టు. గుడ్డ ఊడిపోయిన గొడుగు ఊచలు. నేల మీద పోగేసిన తాడు, దాని చుట్టూ ఎవరూ తొక్కకుండా ఇంకో తాడు. ఇక చివరి గోడ — ఆ గోడే — దాని మీద ఏమీ పెట్టలేదు. 'శూన్యం' అని ఒక చీటీ అంటించి, ఇదే కళాఖండం అన్నారు.

పక్కన లాండ్రీ నడిపే ఆవిడ ఆ ఖాళీ గోడని చూసి, అక్క చెయ్యి పట్టుకుంది. సగం మాటల్లో, సగం సైగల్లో, "అక్కడ ఏదో ఒకటి పెట్టండి... ఖాళీగా మాత్రం ఉంచకండి" అని గుసగుసలాడింది.

బావగారు పకపకా నవ్వారు. "ఇంతదూరం వచ్చినా ఈ చాదస్తాలు తప్పలేదా మనకి?"

ప్రారంభం రోజు సాయంత్రం ఆయన ధ్యాసంతా ఒక్క మనిషి మీదే. ఆ ఊళ్ళో ఒక విమర్శకురాలు ఉందట. ఎప్పుడొస్తుందో చెప్పదు. వచ్చాక తనెవరో చెప్పదు. నోరు విప్పదు. ఆవిడ నాలుగు మంచి మాటలు రాస్తే గ్యాలరీ నిలుస్తుంది, లేకపోతే మూసుకోవడమే. "ఆవిడ మెచ్చితే నీ బొమ్మల సంగతి ఆలోచిద్దాంలే" అన్నారు అక్కతో. పిచ్చిది, ఆ ఒక్క మాట పట్టుకుని రోజంతా గ్లాసులు తుడిచింది.

జనం వచ్చారు. బకెట్టు కింద నిలబడి తలలూపారు. బయట బాగా చీకటి పడింది. అక్క ట్రే పట్టుకుని తిరుగుతోంది. ఉన్నట్టుండి... గదిలో మాటలు తగ్గిపోయాయి. ఒకరి తర్వాత ఒకరు చివరి గోడ వైపు తిరుగుతున్నారు. అక్క కూడా తిరిగి చూసింది.

ఆ గోడ దగ్గర బావగారు నిలబడి మాట్లాడుతున్నారు. చేతులు నలుపుకుంటూ, వంగి వంగి. ఎవరికో చోటిస్తున్నట్టు ఒక అడుగు వెనక్కి వేశారు. ఆ మనిషి ఏదో అంటున్నట్టు చెవి అటు పెట్టి విన్నారు.

ఆయన పక్కన ఎవరూ లేరు.

అక్క ట్రే పక్కన పెట్టేసింది. జనానికి మాత్రం అనుమానమే రాలేదు. గోడ మీద 'శూన్యం' అని చీటీ ఉంది, దాని ముందు ఒక మనిషి శూన్యంతో మాట్లాడుతున్నాడు. ఇది కూడా ప్రదర్శనే అనుకున్నారు. ఆయన ఎంత వంగితే వాళ్ళంత మురిసిపోయారు. ఆఖరికి చప్పట్లు కొట్టారు. బావగారు ఆ చప్పట్లు తన బకెట్టుకి అనుకుని అందరికీ దణ్ణం పెట్టారు.

అందరూ వెళ్ళాక అక్క దగ్గరకొచ్చి, "చూశావా... వచ్చింది" అన్నారు మెల్లగా.

"ఎవరండీ?"

"ఆవిడే. విమర్శకురాలు. బూడిదరంగు కోటు. వచ్చిన దగ్గర్నుంచీ ఆ గోడ ముందునుంచి కదల్లేదు. అన్నీ నేనే వివరించాను. ఒక్క ముక్క మాట్లాడితేనా! స్థాయంటే అదీ."

అక్కడెవరూ లేరని చెప్పేద్దామని అక్క పెదవి విప్పింది —

"ఆఖర్న ఒక్కటే అడిగింది" అన్నారు బావగారు. ఆయన మొహం కాస్త మాడింది. "వెనకగదిలో, కూర్చుని నిద్రపోతున్న ఆవిడ బొమ్మ ఉంది కదా... అది ఈ గోడకి ఎందుకు పెట్టలేదు అంది."

వెనకగది తాళంచెవి అక్క మెళ్ళో గొలుసుకే ఉంది. ఆ బొమ్మని ఆ ఊళ్ళో ఒక్కళ్ళు కూడా చూడలేదు.

"ఆ బొమ్మ గురించి మీరేమైనా చెప్పారా?"

"నేనెందుకు చెప్తాను?" అన్నారు. అది మాత్రం నిజమే, ఆయనెందుకు చెప్తారు.

"ఏ భాషలో అడిగిందండీ?"

బావగారు ఒక్క క్షణం ఆగారు. "ఏ భాషేమిటి... తెలుగులోనే." వెంటనే తేరుకున్నారు. "పెద్ద విమర్శకులన్నాక నాలుగు భాషలొస్తాయి. అందులో వింతేముంది?"

ఇలాంటి మనిషిని ఏ దెయ్యం మాత్రం ఏం చెయ్యగలదు, మీరే చెప్పండి.

మర్నాడు పొద్దున్నే ఆయనే సుత్తీ మేకులూ పట్టుకొచ్చి, చీటీ పీకేసి, మేనత్త బొమ్మ ఆ గోడకి తగిలించారు. తర్వాత మిగతావి కూడా ఒక్కొక్కటే బయటికొచ్చాయి. కట్టుకున్నావిడ ఏళ్ళ తరబడి అడిగితే వినని మనిషి, కోటు వేసుకున్న నీడ ఒక్కసారి అడిగితే విన్నారు. ఇది విని నాకు భయం వెయ్యలేదు, ఒళ్ళు మండింది.

"ఆయనకి చెప్పెయ్యకూడదటే అక్కా? అక్కడెవరూ లేరని" అన్నాను.

"చెప్తే బొమ్మలు దించేస్తారే."

"మరి నీకు భయం లేదూ?"

"భయమెందుకే? నా బొమ్మ పెట్టమని అడిగింది ఇన్నేళ్ళకి ఆవిడొక్కతే" అంది. తర్వాత గొంతు బాగా తగ్గించింది. "రోజూ తాళం వేశాక రోడ్డు మీద నిలబడి చూస్తాను... ఉంటుంది. అందుకే ఈమధ్య అత్త బొమ్మ ముందు ఒక కుర్చీ వేసి వస్తున్నా. పాపం, ఎన్నాళ్ళని నిలబడుతుంది... కూర్చుంటోంది."