జరగడానికి చోటు

దేశం కాని దేశంలో, ఈ షాంటిలీ ఊళ్ళో మనవాళ్ళు పిలిస్తే వెళ్తారు, పిలవకపోయినా వెళ్తారు. ఒక్క నవోమి గారింటికి మాత్రం ఆ ఏడాది పెద్దగా ఎవరూ వెళ్ళలేదు. వెళ్ళినవాళ్ళు కూడా పొద్దుండగానే కార్ స్టార్ట్ చేసేవాళ్ళు. ఆ ఇంట్లో తెల్లవారుజామున అయిదింటికి ఎవరో నడుస్తారని పేరు.

ఎవరో ఏమిటి... జోసఫే అనేవాళ్ళు. నవోమి భర్త. పోయి అప్పటికి పది నెలలు.

ఎనభై నాలుగు నాటి సంగతి ఇది. మొదట విన్నది రూతు, నవోమితో పాటే హాస్పిటల్లో పనిచేసే నర్సు. సమాధి కార్యక్రమం అయిన రాత్రి తోడుగా పడుకుని, అయిదింటికి ఆ చప్పుడు విని, చలికోటు కూడా మర్చిపోయి స్లిప్పర్లతోనే కార్ ఎక్కింది. రూతు నోట్లో నువ్వుగింజ నానదు. ఆదివారానికి చర్చి మొత్తానికి తెలిసిపోయింది.

టక్... టిక్. టక్... టిక్.

వెనక తలుపు దగ్గర మొదలై, కిచెన్ దాటి, హాల్లోంచి నవోమి మంచం దాకా వచ్చి ఆగేది. ఒక అడుగు బరువు, ఒక అడుగు తేలిక. జోసఫ్ నడకే అంతేనాయె. చిన్నప్పుడు మాచర్లలో నాన్నతో పనికి పోయినప్పుడు కుడికాలి మీద నాపరాయి పడి చిటికెనవేలు పోయింది. అప్పట్నుంచీ ఆ కాలు ఆచితూచి వేసేవాడు.

రూతు పరిగెత్తింది గానీ, నవోమి పరిగెత్తలేదు. ఎందుకు పరిగెడుతుంది? పన్నెండేళ్ళు ఆ చప్పుడుకే నిద్ర లేచిన మనిషి. జోసఫ్‌ది పోస్టాఫీసులో రాత్రి డ్యూటీ, ఉత్తరాలు వేరుచేసే పని. సరిగ్గా అయిదింటికి వెనక తలుపు తీసుకుని, బూట్లు అక్కడే విప్పి, వట్టికాళ్ళతో వచ్చి మంచం పక్కన నిలబడేవాడు. "కాస్త జరుగు" అనేవాడు. అంతే, ఇంకో మాట ఉండేది కాదు. ఆవిడ గోడవైపు జరిగేది. ఆవిడ డ్యూటీకి లేచే దాకా ఆ ముప్పావుగంటే ఇద్దరి సంసారం. పిల్లల్లేరు.

ఇప్పుడు అడుగులు వచ్చి ఆగేవి. మాట మాత్రం వచ్చేది కాదు. అయినా నవోమి జరిగేది.

ఎండాకాలం మొత్తం అడుగులు రాలేదు. ఏం తప్పు చేశానా అని ఆవిడ కుమిలిపోయింది. అక్టోబర్‌లో చలి మొదలవగానే మళ్ళీ వచ్చాడు. ఆ పొద్దున ఆవిడ డ్యూటీకి నవ్వుతూ వెళ్ళింది.

కానీ ఎంతసేపని? అడుగుల చప్పుడు వంటకి తోడు రాదు, చర్చిలో పక్కన కూర్చోదు. నవోమి గుప్పెడు బియ్యం కడిగి, అదీ మిగిల్చి పారబోసేది. వంతులవారీగా ఇళ్ళల్లో జరిగే శుక్రవారం ప్రార్థన ఆవిడ వంతు వచ్చేసరికి దాటుకుని ముందుకు పోయేది. నవంబర్‌లో ఎలాగో ధైర్యం చేసి పగలే నలుగురు వచ్చారు. వచ్చినందుకు రూతు బెడ్‌రూమ్ గడప దగ్గర పైకి లేచిన టైల్ తన్నుకుని పడి, మణికట్టు విరగ్గొట్టుకుంది.

"తోసేశాడే అక్కా" అంది రూతు.

చేతికి కట్టుతో మళ్ళీ తనే వచ్చింది పాపం. మనిషి నోరే గానీ మనసు వెన్న. "క్రిస్మస్ ప్రార్థన నీ ఇంట్లో పెట్టుకుందాం. ముందు ఆ నేల బాగుచేయించు. లేకపోతే ఈ ఇంటికి ఇక ఎవరూ రారు. నువ్విలా నేలతో మాట్లాడుకుంటూ ఉండిపోతావ్" అంది.

నవోమి రెండు రాత్రులు ఆలోచించింది. మనుషులు కావాలా, ఆ అడుగులు కావాలా అన్నట్టుంది వ్యవహారం. రెండూ కావాలి మరి ఆవిడకి. మూడోరోజు కృష్ణమోహన్‌కి ఫోన్ చేసింది.

కృష్ణమోహన్ కాకినాడలో సివిల్ ఇంజనీరింగ్ చదివి, మంచి జాబ్ దొరికేదాకా టైల్స్ కంపెనీలో పనిచేస్తున్న కుర్రాడు. దెయ్యం కథ తెలిసే వచ్చాడు. జేబులోంచి క్వార్టర్ బిళ్ళ తీసి, మోకాళ్ళ మీద కూర్చుని, మన అమ్మలు కుండ కొనేటప్పుడు తట్టి చూసినట్టు ఒక్కొక్క టైల్‌నీ తట్టుకుంటూ వెళ్ళాడు. గోడల వైపు ఖంగుమన్నాయి. వెనక తలుపు నుంచి మంచం దాకా ఒక్క వరస మాత్రం డొల్ల.

"ఆంటీ, ఈ టైల్స్ ఎవరు వేశారు?"

"మీ అంకులే. కిందటేడు ఎండాకాలంలో."

"గ్యాప్ వదల్లేదే?"

నవోమికి నవ్వొచ్చింది. టైల్స్ అమ్మినవాడు గ్యాప్ వదలమనే చెప్పాడు. జోసఫ్ వింటేనా? నాపరాళ్ళు పరిచే మేస్త్రి కొడుకాయె. రాయికీ రాయికీ మధ్య సూది దూరకూడదు, గ్యాప్ వదిలేవాడు మేస్త్రీయే కాడు అని, గోడకీ గోడకీ మధ్య బిగించి పరిచేశాడు. పరిచాక ఆవిడ చేత వట్టికాళ్ళతో నడిపించుకున్నాడు.

కృష్ణమోహన్ నెమ్మదిగా చెప్పాడు. మాచర్లలో నేల కింద మన్ను ఉంటుంది. ఇక్కడ కాంక్రీట్‌లో వేడినీళ్ళ పైపులున్నాయి. నేల వేడెక్కితే టైల్స్ సాగుతాయి. "జరగడానికి చోటివ్వలేదాంటీ అంకుల్. ఒకదాన్నొకటి తోసుకుని పట్టు వదిలేశాయి. పూర్తిగా వదిలింది టక్ అంటుంది. సగం పట్టుకున్నది టిక్ అంటుంది. బాయిలర్ వెనక తలుపు పక్కనే ఉంది కదా... వేడి అక్కడ మొదలై, పైపు వెంబడే బెడ్‌రూమ్ దాకా వస్తుంది. టైమర్ ఎన్నింటికి పెట్టారు?"

"అయిదింటికి. ఆయనే పెట్టారు. నేను కాళ్ళు కింద పెట్టేసరికి నేల వెచ్చగా ఉండాలని."

బాయిలర్ వెలగని ఎండాకాలంలో అడుగులు ఎందుకు రాలేదో నవోమికి అర్థమైపోయింది. దెయ్యం లేదని తెలిస్తే ఎవరికైనా ప్రాణం కుదుటపడుతుంది. ఆవిడకి మాత్రం జోసఫ్ రెండోసారి పోయినట్టయింది.

మర్నాడే పని మొదలైంది. బాయిలర్ ఆపేశాడు. కొత్త టైల్స్ పరిచి గట్టిపడేదాకా వెలిగించకూడదన్నాడు. డొల్ల వరసంతా పీకేసి, కింద అంటుకున్న పాత సిమెంటుని మెషీన్‌తో అరగదీశాడు. సాయంత్రానికి ఇల్లంతా పిండి జల్లినట్టు తెల్లటి దుమ్ము. "రాత్రికి దిగుతుందాంటీ, పొద్దున్నే వచ్చి ఊడుస్తా" అని వెళ్ళాడు.

ఆ రాత్రి నవోమి రెండు జతల మేజోళ్ళు తొడుక్కుని, మూడు దుప్పట్లు కప్పుకుని పడుకుంది. బయట మంచు. లోపల బాయిలర్ వెలగడం లేదు, డొల్ల టైల్స్ లేవు. చప్పుడు చేయడానికి ఆ ఇంట్లో ఇక ఏదీ లేదు.

నాలుగున్నర... ముప్పావు... అయిదు.

ఏమీ రాలేదు. రాదని తెలుసు. తెలిసీ చెవులు రిక్కించుకుని పడుకున్నందుకు తన మీద తనకే జాలేసింది. ఏడుపొచ్చింది. గోడవైపు తిరిగింది.

అప్పుడు... వెనకాల, మంచం పక్కనే...

సర్...

ఇసక మీద వట్టికాలు ఈడ్చినట్టు. కాసేపాగి మళ్ళీ... సర్... సర్. ఒకటి బరువుగా, ఒకటి తేలిగ్గా.

మళ్ళీ వచ్చాడనుకుంది. కానీ ఆ చప్పుడు మంచం వైపు రావడం లేదు. మంచం దగ్గర మొదలై హాల్లోకి పోతోంది. హాల్లోంచి కిచెన్‌లోకి. వెళ్ళిపోతోంది.

"ఉండండి" అంది నవోమి గుసగుసగా.

వెనక తలుపు దగ్గర ఒక్క క్షణం ఆగింది. తలుపు చప్పుడు కాలేదు. ఇక ఏ చప్పుడూ కాలేదు.

ఏడింటికి కృష్ణమోహన్ చీపురుతో వచ్చాడు. హాల్లో నిలబడిపోయాడు.

"ఆంటీ... రాత్రి లేచారా?"

నవోమి వచ్చి చూసింది. దుమ్ములో మంచం పక్కనుంచి వెనక తలుపు దాకా ఒకే ఒక్క వరస అడుగులు. వట్టికాళ్ళవి. వెళ్ళినవే ఉన్నాయి, తిరిగి వచ్చిన జాడ లేదు.

"లేచాను బాబూ" అంది.

వాడు ఆవిడ మేజోళ్ళు చూశాడు. తర్వాత నేల చూశాడు. ఎడమకాలికి అయిదు వేళ్ళు. కుడికాలికి నాలుగు.

ఇది ఎవరికీ చెప్పలేదంటాడు కృష్ణమోహన్. చెప్పకపోతే మనదాకా ఎలా వచ్చిందో మరి.

చాలాసేపయ్యాక చీపురుతో వంగాడు. నవోమి వాడి చెయ్యి పట్టుకుంది.

"ఈ ఒక్క వరసా ఊడవకు."

"దుమ్ము మీద వేస్తే టైల్ పట్టదాంటీ. మళ్ళీ డొల్ల అవుతుంది."

"అవనీ."

"మళ్ళీ చప్పుడు—"

"నాకు తెలుసు బాబూ. అంచుల్లో గ్యాప్ వదులు. ఎవరూ తన్నుకుని పడకుండా చూడు. దుమ్ము మాత్రం తుడవకు."

వాడు చదివిన చదువుకి అది పని కాదు. అయినా చేశాడు. ఆ అడుగుల మీద, చెరపకుండా, ఒక్కొక్క టైలే దించాడు.

క్రిస్మస్ ప్రార్థనకి చర్చి అంతా వచ్చింది. ఇల్లు నిండింది, పెద్ద గిన్నెలు చాన్నాళ్ళకి బయటికొచ్చాయి. రూతు కొత్త నేల మీద అటూ ఇటూ నడిచి చూసి, చప్పుడు లేదని అందరికీ తనే చాటింది. ఆ చలికాలమంతా బాయిలర్ అయిదింటికే వెలిగింది. నేల మాత్రం పలకలేదు. ఇంటికి మనుషులు వస్తున్నారు, నవ్వుతున్నారు, తిని వెళ్తున్నారు. వాళ్ళు వెళ్ళాక నవోమి ఒక్కతే మంచంలో ఒక పక్కగా పడుకుని వినేది. వసంతం వచ్చింది, బాయిలర్ ఆరిపోయింది.

ఎనభై అయిదు, నవంబర్. మొదటి మంచు పడిన తెల్లవారుజాము. అయిదయింది.

వెనక తలుపు దగ్గర—

టక్.

చాలాసేపు ఏమీ లేదు.

...టిక్.

దుమ్ము మీద వేసిన టైల్ అలా పలుకుతుందని కృష్ణమోహన్ ముందే చెప్పాడు. ఆ మాట ఆవిడకి గుర్తుంది. కిచెన్ దాటింది. హాల్లోకి వచ్చింది. మంచం పక్కకి వచ్చి ఆగింది.

ఆవిడ కళ్ళు తెరవలేదు. నెమ్మదిగా గోడవైపు జరిగింది.

పక్కన పరుపు కాస్త కుంగింది.