పేరు లేనోడి దిష్టి

మా రైల్వే ట్రాఫిక్ కాలనీలో కరెంటు పోయిన సాయంత్రాలంటే నాకిష్టం. షంటింగ్ ఇంజను దూరంగా మూలుగుతుంది. డీజిల్ వాసన గాలిలో తేలివస్తుంది. ఆ మసక చీకట్లో పక్క క్వార్టరు మౌనిక నాకు ఇంకా అందంగా కనిపిస్తుంది.

ఆ సాయంత్రం మాత్రం నేను వాళ్ళింటికి వెళ్ళేసరికి ఆమె ఏడుస్తోంది. మౌనిక మా కాలనీ అమ్మాయిల ఫుట్‌బాల్ జట్టుకి గోల్‌కీపర్. సెమీఫైనల్లో ఒక బంతి ఆమె కాళ్ళ మధ్యనుంచి జారిపోయింది. ఎలాగో గెలిచారు గానీ, అప్పటినుంచి పేరూ ఫోటో లేని ఎవడో ఆమె ఫోనుకి బూతులు పంపుతున్నాడు. బ్లాక్ చేస్తే కొత్త ఖాతాతో వస్తాడు.

"రేపు ఫైనల్‌కి నానెళ్ళను మణీ. సూసేవోళ్ళందరూ ఆడిలాగే అగుపిస్తన్నారు."

"ఎల్తావే, ఎందుకెళ్ళవు? కూకో, దిష్టి తీస్తాను," అంది వాళ్ళ నానమ్మ సింహాచలమ్మ. "ఆ ఫోను ఒళ్ళో ఎట్టుకో. మంట ఆరేదాకా ఎవులూ నోరిప్పకండి."

ఉప్పూ ఎండుమిరపకాయలూ గుప్పిట్లో పట్టి తిప్పింది. "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి..." ఆగింది. "ఆడి పేరేటో తెల్దు గదా... పేరు లేనోడి దిష్టి!"

కుంపట్లో వేసింది. మిరపకాయలు చిటపటలాడాయి, నల్లగా మాడాయి. ఘాటు రాలేదు. మా ముగ్గురిలో ఎవరికీ దగ్గు రాలేదు.

వెనక గదిలో ఎవరో దగ్గారు.

ఆ గదిలో ఎవరూ లేరు...

మళ్ళీ దగ్గు. ఈసారి గుమ్మం దగ్గర... పొడిగా... గొంతు చీరుకుపోతున్నట్టు. ముసలమ్మ పెదాల మీద వేలు పెట్టుకుంది. మౌనిక తట్టుకోలేకపోయింది.

"ఎవుడ్రా నువ్వు?"

దగ్గు ఆగింది. కుంపటి ఆరిపోయింది.

"ఎందుకు పలికినావే... పలికినోళ్ళని ఆడు వదల్డు," అంది ముసలమ్మ.

మర్నాడు బూతులు రాలేదు. మౌనిక ఫైనల్ ఆడింది. నేను గోలు వల వెనకాలే నిలబడ్డాను. ఒక్క బంతీ లోపలికి పోలేదు. అవతలి పిల్ల తన్నకముందే మౌనిక అటు దూకేస్తోంది. "సాబాష్ అక్కా!" అని జనం అరుస్తుంటే నా గుండె పొంగిపోయింది.

బంతి అవతలి సగంలోకి వెళ్ళినప్పుడు మెల్లగా అడిగాను. "నీకెలాగ తెలుస్తంది?"

ఆమె వెనక్కి తిరగలేదు.

"సెవిలో సెప్తన్నాడు... కుడి, ఎడమ అని."

"ఎవుడు?"

"పేరు సెప్పడు." ఏదో వింటున్నట్టు తల వంచింది. "నీ పేరడుగుతన్నాడు..."

"సెప్పకే!"

"సెప్పీసినాను."

గాలి లేదు. బంతి ఎక్కడో అవతలుంది. నా ముందున్న వల మాత్రం, లోపలినుంచి ఎవరో మొహం ఆనించినట్టు, మెల్లగా నావైపు ఉబ్బింది...